గది చూడకుండా అడ్వాన్స్ పంపొద్దు

హైదరాబాద్‌కి చదువుకో, కోచింగ్‌కో వచ్చే పిల్లల్ని అద్దె గదుల పేరుతో ఆన్‌లైన్‌లో దోచుకోవడం ఆగడం లేదు. మా అమ్మాయికి అమీర్‌పేట దగ్గర గది వెతుకుతుంటే నాకూ అలాంటి ఫోన్లే వచ్చాయి: చుట్టుపక్కల అద్దెలో సగానికే ఫ్లాట్, ఓనర్‌ని అడిగితే మిలిటరీలో ఉన్నానని, వేరే రాష్ట్రానికి బదిలీ అయిందని చెప్పి యూనిఫాం ఫొటో, ఆధార్ కాపీ వాట్సాప్‌లో పంపడం, ఆ వెంటనే "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, టోకెన్ కొట్టండి" అని తొందరపెట్టడం. గది చూస్తానంటే గేట్ పాస్‌కి ముందే డబ్బు కట్టమంటారు. ఇంకొందరు, మీ డబ్బు వెనక్కి పంపుతున్నాం, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. ఇల్లు కళ్లారా చూసి, వాచ్‌మన్‌నో పక్కింటివాళ్లనో అడిగి, కరెంటు బిల్లు మీదున్న పేరు, డబ్బు వెళ్లే ఖాతా పేరు సరిచూసుకున్నాకే రూపాయి ఇవ్వాలి, తేడా ఉంటే ఎందుకో గట్టిగా అడగాలి. మోసపోతే ఇంట్లో తిడతారని దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాకి వెళ్లకముందే ఆపే వీలుంటుంది. అయితే భారమంతా పిల్లల మీదే వేస్తే ఎలా? అద్దె ప్రకటనల సైట్లు ఓనర్ కరెంటు బిల్లో ఇంటి పన్ను రసీదో చూడకుండా ప్రకటన పెట్టనివ్వకూడదు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు అడ్మిషన్ రోజే తాము వెళ్లి చూసిన గదులు, హాస్టళ్ల జాబితా విద్యార్థుల చేతికివ్వాలి.

- ఓ విద్యార్థిని తండ్రి, ఖమ్మం