రమణా, ముందు వారాలు లెక్కపెట్టు

విజయనగరం

ఒరే రమణా,

నీ ఉత్తరం అందింది. బాబుకి పదహారు నిండాయి, ఇంక పెద్దవాళ్ళ టెన్నిస్ టోర్నమెంట్లలో దింపేస్తానని రాసావు. సంతోషమే గానీ, నువ్వు వేసిన జాబితా చూస్తే భయమేసింది. ఏడాదికి ముప్ఫై వారాలేట్రా! పద్నాలుగేళ్ళ కుర్రాడికి 8, పదిహేనేళ్ళవాడికి 12 ప్రొఫెషనల్ టోర్నమెంట్లకి మించి ఆడనివ్వరు. పదహారు దాటితే ఆ గీత ఉండదు. ఇక్కణ్ణుంచి గీత నువ్వే గియ్యాలి.

మొదటి ఏడాదికి 12 నుంచి 15 వారాలు చాలు. మూడేసి వారాలు ఒక దఫాగా పెట్టు, ఆ తర్వాత నాలుగైదు వారాలు ఇంటిపట్టునే సాధన. మొదటి వారం కోర్టు, బంతి అలవాటు పడ్డంతోనే సరిపోతుంది. రెండో వారం అసలు ఆట బయటికొస్తుంది. మూడో వారానికి ఒళ్ళు అలసిపోతుంది. నాలుగో వారం కూడా లాగితే ఆటలో లేని తప్పులు కొత్తగా అంటుకుంటాయి, వాటిని వదిలించుకోడానికి నెల పడుతుంది.

పాయింటు సంగతి చెప్తాను, నువ్వు అనుకున్నంత సుళువు కాదు. మగవాళ్ళ ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో అన్నిటికంటే కింది మెట్టుని ఎం15 అంటారు. మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో 32 మంది, అందులో 8 మంది క్వాలిఫయింగ్ అనే ముందు పోటీ గెలిచి వస్తారు. ర్యాంకు లేని కుర్రాడు క్వాలిఫయింగ్‌లో రెండో మూడో మ్యాచ్‌లు గెలవాలి, ఆపైన మెయిన్ డ్రాలో ఒకటి గెలవాలి. అప్పుడొస్తుంది ఒక్క ఏటీపీ పాయింటు, ప్రపంచ ర్యాంకు లెక్కకట్టేది వీటితోనే. టోర్నమెంటు మొత్తం గెలిచినవాడికే 15. మెయిన్ డ్రా మొదటి రౌండులో ఓడితే సున్నా. ఆ వచ్చిన పాయింటు కూడా 52 వారాలకి రాలిపోతుంది. అంచేత మొదటి ఏడాది పాయింట్లు కాదు, ఆడిన మ్యాచ్‌లు లెక్కపెట్టు. వారానికి రెండు మ్యాచ్‌లైనా పడని చోటుకి పంపొద్దు. క్వాలిఫయింగ్ మొదటి రౌండులోనే వరసగా నాలుగు వారాలు ఓడితే, వాడి మెట్టు ఇంకా అది కాదన్నమాట. నామోషీ పడకుండా ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) జూనియర్ పోటీలకి, ఆలిండియా టెన్నిస్ అసోసియేషన్ టోర్నమెంట్లకి తిప్పెయ్. జూనియర్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉన్నవాళ్ళకి ఎం15 మెయిన్ డ్రాలో నేరుగా కొన్ని చోట్లు ఉంటాయి, ఆ దారి కూడా చిన్నదేం కాదు.

క్వాలిఫయింగ్‌లో మూడో సెట్టు ఉండదు, దాని బదులు 10 పాయింట్ల టైబ్రేక్, అంటే రెండు పాయింట్ల తేడాతో ముందు 10కి చేరినవాడిదే మ్యాచ్. మన పిల్లలు దీన్ని సాధన చెయ్యరు, అక్కడికెళ్ళి బిగుసుకుపోతారు. రోజూ సాధన ముగించే ముందు ఒకటి ఆడించు, అదీ అలసిపోయి ఉన్నప్పుడే.

ఎంట్రీ దగ్గర చాలామంది పొరపాటు పడతారు. ముందు ఐపిన్ నంబరు, అంటే ఐటీఎఫ్ దగ్గర ఆటగాడి నమోదు నంబరు తియ్యాలి, ఏటా రుసుము కట్టాలి. అవినీతి నిరోధానికి ఆన్‌లైన్‌లో ఒక పాఠం ఉంటుంది, అది కూడా పూర్తి చేయించు. టోర్నమెంటు సోమవారానికి 18 రోజుల ముందు గురువారం, మన టైము రాత్రి 7:30కి ఎంట్రీ మూసేస్తారు. వెనక్కి తీసుకోవాలంటే 13 రోజుల ముందు మంగళవారం, అదే టైము. అది దాటి మానేస్తే జరిమానా దాకా పోతుంది. క్యాలెండరులో గురువారాలు ఎర్ర పెన్నుతోనూ, మంగళవారాలు నీలం పెన్నుతోనూ చుట్టు. ప్రతి టోర్నమెంటుకీ ఒక సమాచార పత్రం పెడతారు. కోర్టు రకం, బంతి కంపెనీ, సైన్ ఇన్ (వచ్చామని సంతకం పెట్టే) టైము అన్నీ అందులోనే. ఆ కంపెనీ బంతులు ముందే రెండు డబ్బాలు కొని అలవాటు చేయించు. ఆమదాలవలసలో రైలెక్కి, ఆట రోజు పొద్దున్న దిగేలా మాత్రం టికెట్ తియ్యకు. కనీసం రెండు రోజుల ముందు చేరాలి.

మన దేశంలో టోర్నమెంట్లు కొన్ని నెలల్లోనే గుంపుగా పడతాయి. మిగతా కాలంలో టునీషియాలోని మొనాస్టిర్, టర్కీలోని అంటాల్యా, ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ లాంటి చోట్ల ఎం15లు వరసగా జరుగుతుంటాయి. ఒకసారి దిగితే మూడు వారాలు అక్కడే ఆడొచ్చు, విమానం ఖర్చు ఒక్కసారే. పాస్‌పోర్టు ఇప్పుడే తీయించు.

డబ్బు మాట. ఎం15 మొత్తం బహుమతి 15,000 డాలర్లు. గెలిచినవాడికి రెండు వేల పైచిలుకు, మొదటి రౌండులో ఓడినవాడికి నూటయాభై చిల్లర. అది హోటల్ గదికే చాలదు. సుమిత్ నాగల్ మన దేశంలో మొదటి ర్యాంకులో ఉండగా, 2023లో, బ్యాంకులో 900 యూరోలే మిగిలాయని తనే చెప్పాడు. నాలుగు నెలలు తిరక్కుండా 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ నుంచి వచ్చి, సీడెడ్ (పై ర్యాంకు) ఆటగాడు బుబ్లిక్‌ని ఓడించాడు. అంతటివాడి పరిస్థితే అది. పొలం మీద అప్పు తెచ్చే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. డబుల్స్ తప్పకుండా ఆడించు. సింగిల్స్‌లో ఓడినా ఇంకో ఒకటో రెండో మ్యాచ్‌లు దొరుకుతాయి, కుర్రాళ్ళతో పరిచయం పెరుగుతుంది, గది పంచుకోడానికి తోడు దొరుకుతుంది.

రాకెట్లు ఒకే రకంవి మూడు ఉండాలి, బరువు కూడా తూచి సరిచూడాలి. ఒకటి 300 గ్రాములు, ఇంకోటి 306 ఉంటే తేలికదానికి సీసం టేపు అంటించి కలుపు. ఇక తీగలు. తెగలేదు కదా అని నెల్లాళ్ళు అవే ఆడిస్తున్నావని రాసావు, వాడి మోచేతి నొప్పికి నా అనుమానం దానిమీదే. పాలియెస్టర్ తీగ తెగకముందే చచ్చిపోతుంది. పది, పన్నెండు గంటల ఆటకి సాగే గుణం పోతుంది, దెబ్బంతా చేతికి తగుల్తుంది. తీసి కొత్తవి వెయ్యాలి. నిలువు తీగలు పాలియెస్టర్, అడ్డం తీగలు మల్టీఫిలమెంట్ (సన్నటి పోగులు కలిపి చేసిన మెత్తటి తీగ) వేయించి చూడు, బిగింపు 50 పౌండ్ల దగ్గర మొదలుపెట్టు. బెంగుళూరు ఎత్తులో ఉంది కాబట్టి బంతి ఎగిరిపోతుంది, అక్కడికి రెండు పౌండ్లు ఎక్కువ బిగించాలి. ఒక తీగ తెగిందంటే మిగతావి కూడా వెంటనే మధ్యలోంచి బయటికి కోసెయ్యి, లేదంటే ఒక పక్కే లాగి ఫ్రేము వంకరపోతుంది. తీగలు బిగించడం వాడికే నేర్పించు. గంట పని, జీవితాంతం ఖర్చు తప్పుతుంది.

మన సముద్రపుగాలికి చెమట ఆరదు. మంచినీళ్ళొక్కటే తాగితే ఉప్పు పోయి పిక్కలు పట్టేస్తాయి. లీటరుకి సరిపడే ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీళ్ళలోనే కలపాలి, అరలీటరులో కాదు. సెట్టుకొకసారి రాకెట్ పిడికి చుట్టే ఓవర్‌గ్రిప్ పట్టీ మార్చాలి. సంచిలో అరటిపళ్ళు, గుప్పెడు పలాస జీడిపప్పు పెట్టు. ఈ వయసులో సర్వీసు సాధన ఎక్కువైతే నడుం ఎముక చిట్లుతుంది. ఒక పూట 70 సర్వీసులు దాటనివ్వకు. నడుం ఒకే పక్క, వెనక్కి వంగినప్పుడు నొప్పి అంటే అమృతాంజనం రాసి ఊరుకోకు, డాక్టరుకి చూపించు.

జలుబు మాత్ర కూడా అడక్కుండా వెయ్యొద్దు. కొన్నిటిలో స్యూడోఎఫెడ్రిన్ ఉంటుంది, పోటీ రోజుల్లో మోతాదు మించితే నిషేధం. ఎవరో ఇచ్చిన పొడులూ, లేహ్యాలూ అసలొద్దు. పందేలు కాసేవాళ్ళు ఫోన్‌లో తగులుకుంటారు, "చేతికెలా ఉంది, రేపు ఆడతావా" అని మంచిగా అడుగుతారు. జవాబివ్వకూడదు, పైగా ఆ సంగతి అధికారులకి చెప్పకపోవడం కూడా నేరమే. ఇది వాడికి నువ్వే కూర్చోబెట్టి చెప్పు.

ఇంటర్ మాన్పించొద్దురా. విశాఖలో పెరిగిన సాకేత్ మైనేని అమెరికాలో అలబామా యూనివర్సిటీలో చదువుకుంటూ ఆడాకే ప్రొఫెషనల్ అయ్యాడు, 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి స్వర్ణం గెలిచాడు. ఆ దారి తెరిచి ఉండాలంటే మార్కుల పత్రాలు, ప్రతి టోర్నమెంటు ఖర్చు రసీదులు ఒక ఫైలులో దాచు. బహుమతి డబ్బుకీ ఖర్చుకీ అక్కడి యూనివర్సిటీల్లో లెక్క అడగొచ్చు.

సిరిమాను జాతరకి ఎలాగూ వస్తారు కదా, మూడు రాకెట్లూ పట్టుకు రండి, తూచి చూద్దాం. చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఆ ముప్ఫై వారాల జాబితాలో ఏవి కొట్టేశావో ముందు రాయి.

నీ
సత్యం