క్యామ్‌షాఫ్ట్ ఒక్కటే మార్చి ఇంజిన్ మూసేయకండి

సంపాదకులకు నమస్కారం.

బాగా తిరిగిన లారీకి క్యామ్‌షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను సమయానికి తెరిపించే షాఫ్టు, మా వాడుకలో క్యామ్) మారిస్తే ఇంజిన్ మళ్లీ లాగుతుందని మీ వాహనాల పేజీలో రాశారు. అది నిజమే. కానీ దాంతోపాటు ఇంకేం మార్చాలో ఒక్క ముక్క కూడా లేదు. నా వయసంతా ఇంజిన్ల దగ్గరే గడిచింది. ఆ వ్యాసం చదివిన ఓనర్లు ‘క్యామ్ ఒక్కటి వేసి మూసెయ్’ అని మెకానిక్‌ను తొందరపెడతారేమోనని భయపడి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ట్యాపెట్లు, అంటే క్యామ్ మీద ఆని దాని కదలికను వాల్వుల వైపు అందించే ముక్కలు. రోలర్ లేని ట్యాపెట్ అడుగు చూపుకు చదునుగా ఉంటుంది కానీ మధ్యలో అతి కొద్దిగా ఉబ్బి ఉంటుంది. క్యామ్ లోబ్‌ను, అంటే ట్యాపెట్‌ను పైకి నెట్టే ఉబ్బెత్తు భాగాన్ని, కూడా కొంచెం వాలుగా గ్రైండ్ చేస్తారు. ఈ రెండూ కలిస్తేనే ట్యాపెట్ పైకీ కిందికీ ఆడుతూ తన చుట్టూ తాను తిరుగుతుంది, అరుగుదల ఒకేచోట పడదు. లక్షల కిలోమీటర్లు నడిచాక ఆ ఉబ్బు పోతుంది, కొన్నిటికి గుంట కూడా పడుతుంది. పైగా ప్రతి ట్యాపెట్టూ తన పాత లోబ్‌కు తగ్గట్టే అరిగి ఉంటుంది. దాన్ని తెచ్చి కొత్త క్యామ్ మీద పెడితే సరిగ్గా తిరగదు, ఆకురాయిలా లోబ్‌ను గీకేస్తుంది.

మా దగ్గరికి అలాంటి లారీ ఒకటి వచ్చింది. వేరేచోట కొత్త క్యామ్ వేసి, పాత ట్యాపెట్లే మళ్లీ పెట్టి పంపారు. కొద్దిరోజులకే టకటకమని శబ్దం మొదలైంది. వాల్వ్ కవర్ విప్పి ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూస్తే ఒక రాకర్ (వాల్వును నొక్కే చేయి) మిగతావాటిలో సగం కూడా లేవడం లేదు. అరిగిన లోహం పొడి ఆయిల్‌లో కలిసి మెయిన్ బేరింగుల దాకా పోయింది. ఇంజిన్ మొత్తం దించాల్సి వచ్చింది. ఆ బండి మీదే ఇల్లు నడుపుకునే మనిషికి ఎంత నష్టం! ఆ ట్యాపెట్లు మార్చి ఉంటే ఇదంతా తప్పేది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అడుగున చిన్న చక్రం ఉండే రోలర్ ట్యాపెట్లయితే పాతవే వాడొచ్చు కదా అంటారు. తక్కువ తిరిగిన ఇంజిన్‌లో, రోలర్ సాఫీగా తిరుగుతూ ఆట (వదులు) లేకుండా ఉంటే నేనూ కాదనను. కానీ బాగా తిరిగిన బండిలో ఆ రోలర్ లోపలి నీడిల్ బేరింగుల పరిస్థితి పైకి కనబడదు. జీఎం కంపెనీ ఎల్‌ఎస్ రకం వీ8 ఇంజిన్లలో ట్యాపెట్లు తీయాలంటే సిలిండర్ హెడ్లు దించాలి. ఆ శ్రమ ఎందుకని చాలామంది ట్యాపెట్లను పైకి నెట్టి ఉంచి, క్యామ్‌ను మాత్రం ముందు నుంచి లాగేస్తారు. నా దృష్టిలో పాత ఇంజిన్‌కు అది తగిన పని కాదు. హెడ్డు దించితే గ్యాస్కెట్ ఎలాగూ కొత్తది పడాలి. బిగించినప్పుడు సాగే రకం హెడ్డు బోల్టులను కూడా తిరిగి వాడకూడదు.

వాల్వ్ స్ప్రింగులు ఏళ్ల తరబడి వేడికీ ఒత్తిడికీ బిగువు కోల్పోతాయి. కొత్త క్యామ్ లిఫ్ట్ (వాల్వును తెరిచే ఎత్తు) పాతదానికన్నా ఎక్కువైతే ఇంకా ఇబ్బంది. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుని బిగుసుకుంటే పుష్‌రాడ్ (ట్యాపెట్ నుంచి రాకర్‌ను నెట్టే కడ్డీ) వంగుతుంది. బిగువు చాలకపోతే ఎక్కువ ఆర్‌పీఎంలో వాల్వ్ సమయానికి మూసుకోదు. స్ప్రింగులు ఊడదీసినప్పుడే వాల్వ్ సీళ్లూ మార్చండి. స్టార్ట్ చేయగానే నీలిపొగ వస్తుంటే చాలాసార్లు కారణం ఆ గట్టిపడిన రబ్బరే.

క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు) నుంచి క్యామ్‌ను తిప్పే టైమింగ్ చైన్ సాగితే క్యామ్ వెనకబడుతుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి, అదీ కచ్చితమైన డిగ్రీల్లో. సాగిన చైన్ మీద కొత్త క్యామ్ పెడితే దాని గుణం సగం పోయినట్టే. చైన్, స్ప్రాకెట్లు, టెన్షనర్ ఒకేసారి మార్చండి. గేర్లతో నడిచే డీజిల్ ఇంజిన్లలో చైన్ ఉండదు కాబట్టి గేర్ల పళ్లు, వాటి మధ్య ఆట చూస్తే చాలు. ముందు కవర్ ఎలాగూ విప్పుతారు కాబట్టి క్రాంక్ ఫ్రంట్ సీలు కొత్తది వేసేయండి. ఎల్‌ఎస్ ఇంజిన్లలో ఆయిల్ పంపు కూడా ఆ కవర్ వెనకే ఉంటుంది. పంపుకు ఆయిల్ అందించే గొట్టం దగ్గరి ఓ-రింగ్ ఎంత చిన్నదో అంత ముఖ్యమైనది. అది గట్టిపడితే పంపు గాలి పీలుస్తుంది, ప్రెషర్ పడిపోతుంది.

కనిపించిన ప్రతి పార్టునూ పారేయమని నేను చెప్పడం లేదు. పుష్‌రాడ్‌ను అద్దం మీద దొర్లిస్తే వంగిందో లేదో తెలుస్తుంది. రాకర్లను చూసి, కొలిచి నిర్ణయించవచ్చు. క్యామ్ బేరింగులూ అంతే, కొలతలో ఉంటే జోలికి పోవద్దు. అసలు పని మొదలుపెట్టక ముందే కంప్రెషన్ పరీక్ష చేయించండి. పిస్టన్ రింగులే అరిగిపోయి ఉంటే ఇంజిన్‌కు కావాల్సింది ఓవర్‌హాల్, క్యామ్ కాదు. ఈ మాట ఓనర్‌కు ముందే చెప్పని మెకానిక్‌ను నేను మంచి మెకానిక్ అనలేను.

మొదటి స్టార్ట్ గురించి ఎవరూ రాయరు, మీరైనా వేయండి. రోలర్ లేని ట్యాపెట్ల ఇంజిన్‌లో లోబ్‌లకూ ట్యాపెట్లకూ అసెంబ్లీ ల్యూబ్ పూసి, ఆయిల్ ప్రెషర్ ముందే ఎక్కించి పెట్టుకోవాలి. స్టార్ట్ కాగానే ఐడ్లింగ్‌లో వదలకుండా 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య అటూఇటూ మారుస్తూ 20 నుంచి 30 నిమిషాలు నడపాలి. జింక్ ఎక్కువున్న ఆయిల్ వాడాలి. తర్వాత ఆ ఆయిల్ దించేసి, ఫిల్టర్ కోసి చూడాలి. మడతల్లో మెరిసే రజను కనిపిస్తే, అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా బండిని లోడుకు పంపకండి.

ఇట్లు,
ఒక లారీ ఇంజిన్ మెకానిక్