చిన్నమ్మలుకు, సంక్రాంతి సెలవుల ముందు

చి.ల.సౌ. చిన్నమ్మలుకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు నొప్పి కాస్త నెమ్మదించింది. నువ్వు ఫోన్ చేసి మూడు ఆదివారాలైంది. ఆఫీసు పనులు ఉంటాయి, తెలుసు. ఆ మాట కోసం రాయడం లేదు.

మొన్న పాలకొండ అత్త వచ్చింది. సంక్రాంతికి మీరు తాటిపూడి రిజర్వాయరు గట్టున టెంటు వేసుకుని రెండు రాత్రులు ఉంటారట, అక్కణ్ణుంచి అరకు వెళ్తారట. నిజమేనా అమ్మా? మాకు ఒక్క ముక్క చెప్పలేదేటి?

వెళ్లొద్దని అనను. పిల్లలు చూడాల్సిన చోటే. బొర్రా గుహల దగ్గర పారే గోస్తనీ నీళ్లే కిందికొచ్చి తాటిపూడిలో నిలుస్తాయి, అక్కణ్ణుంచి విశాఖ కుళాయిల్లోకి పోతాయి. పెద్దోడికి ఈ సంగతి చెప్పి రెండు చోట్లా అదే నదిని చూపించు, వాడికి జీవితాంతం గుర్తుంటుంది.

టెంటు మాత్రం నీళ్ల అంచున వెయ్యొద్దు. చల్లగాలి బరువు, రాత్రి పల్లానికి జారి అక్కడే నిలిచిపోతుంది. కొంచెం ఎత్తున, వాగు దారి కాని చోట చూసుకోండి. కింద పరిచే టార్పాలిన్ టెంటు అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే పైన పడిన మంచు నీరంతా దాని మీదుగా పక్కల కిందికి చేరుతుంది. పైన మూడు దుప్పట్లు కప్పేకంటే కింద ఒక మందపాటి బొంత పరచడం మేలు. చలి నేల నుంచే ఎక్కుతుంది.

కుంపటి సంగతి అసలు మాట. చలిగా ఉందని బొగ్గుల కుంపటిని టెంటులో గానీ, తలుపులేసిన గదిలో గానీ పెట్టొద్దు. పొగ రాకపోతే ప్రమాదం లేదనుకుంటారు. నిప్పు కణకణలాడుతున్నప్పుడు కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకి తెలియను కూడా తెలియదు. ఈ ఒక్క మాట అల్లుడుగారికి నువ్వే చదివి వినిపించు. చంటిదానికి ఇంకా దగ్గు ఉందని అత్తే చెప్పింది. అదైనా నాకు చెప్పాల్సింది నువ్వు కదా.

ఘాట్ రోడ్డు పగలే ఎక్కండి, పగలే దిగండి. ఆ రోజుల్లో ఆరు కాకుండానే చీకటి, కొండల్లో ఇంకా ముందే. బొబ్బిలి బావ వాళ్లు ఒకసారి అరకు నుంచి సాయంత్రం దిగారు, కారులో ఏడుగురు. పెట్రోలు కలిసొస్తుందని బావ న్యూట్రల్ చేశాడు. ఇంజను పట్టు లేని బండిని బ్రేకు ఒక్కటే ఆపాలి కదా, ఆయన మలుపు మలుపుకీ కాలు నొక్కే ఉంచాడు. అనంతగిరి దాటేసరికి మాడిన వాసన. వెనక కూర్చున్న అక్క రెండుసార్లు చెప్పింది, ఎదురు లారీదిలే అన్నాడు. తర్వాతి మలుపులో పెడల్ నేలకంటా పోయింది. బ్రేకు ఆయిల్ మరిగి బుడగలు కడితే అంతే, ఎంత తొక్కినా చక్రానికి పట్టు అందదు. దేవుడి దయ వల్ల అప్పుడు గేరులో వేసి, హ్యాండ్‌బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ కొండవైపు కాలవలోకి దింపాడు. లోయవైపు తిప్పి ఉంటే! ఆపాక ఎవరో చక్రాల మీద నీళ్లు పొయ్యబోయారు. కాలిన డిస్కు మీద చన్నీళ్లు పోస్తే అది వంకరపోతుంది, పగిలినా పగులుతుంది. అరగంట ఊరికే ఆగాలి, అంతే. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగమను. మీది ఆటోమేటిక్ కదా, అందులోనూ చిన్న గేరులో నిలిపే వీలుంటుంది, ఇంటి దగ్గరే చూసుకోమను. పొగమంచులో లైటు డిమ్‌లో పెట్టాలి. బ్రైట్ వేస్తే వెలుగు తెల్లగోడలా తిరిగి కళ్లలోనే పడుతుంది.

ఎస్.కోటలో పిల్లలకి పూరీలు పెట్టకు. రెండు ఇడ్లీలు చాలు, ఘాట్ మొదలవడానికి గంట ముందే పెట్టేయ్. పెద్దోడిని ఫోన్ చూడనివ్వకు, దూరంగా రోడ్డు వైపు చూస్తూ ఉంటే వాంతి రాదు.

బోటు ఎక్కితే జాకెట్టు బకిల్సన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పిల్లాణ్ణి పైకి లేపి చూడు. జాకెట్టు చెవుల దాకా జారిందంటే అది పెద్దది, నీళ్లలో వాడు కిందే ఉండిపోతాడు. చిన్న సైజు లేదంటే ఎక్కొద్దు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి ఏం జరిగిందో నీకు చెప్పక్కర్లేదు. గట్టు దిగి కాళ్లు కడగడానికి కూడా పంపకు. ఒండ్రు మెత్తగా ఉంటుంది, అడుగు తీసి అడుగు వేస్తే పాత ఏటి గొయ్యి.

వచ్చాక నెల లోపల ఎవరికి జ్వరం వచ్చినా ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి మొదటే చెప్పు, మలేరియా పరీక్ష చేయిస్తారు. చంక, నడుము, తొడ సందుల్లో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని పొక్కు ఉందేమో చూడు. అది గడ్డిలో ఉండే నల్లిలాంటి సన్న పురుగు కాటు, దాంతో వచ్చే జ్వరమే స్క్రబ్ టైఫస్. అడగందే వాళ్లు అక్కడ చూడరు.

అన్నీ చెప్పి నిన్ను భయపెట్టేస్తున్నానేమో. అదేం లేదు.

బొంతలు రెండు, చంటిదానికి ఉన్ని టోపీ అమ్మ తీసి ఎండలో వేసింది. చోడిపిండి, బెల్లం ఆవకాయ కూడా కడుతుంది. ఇవన్నీ బస్సులో పంపడం కుదరదు, ముందు విజయనగరం వచ్చి ఒక రాత్రి ఇక్కడ పడుకుని, తెల్లారి బేగి బయల్దేరండి. వస్తారో రారో ఈ ఆదివారం చెప్పు. ఎనిమిది లోపు చేస్తే అమ్మ కూడా మేలుకునే ఉంటుంది.

మీ నాన్న