మీ గేమ్‌లో ఆఖరి టర్న్ గోల్డ్‌కే ఓట్లు పడుతున్నాయి: ఫిర్యాదు

విజయనగరం

కస్టమర్ సపోర్ట్ మేనేజరు గారికి, గేమ్ రూల్స్ రాసే డిజైన్ టీమ్‌కి,

విషయం: డిప్లొమాటిక్ విక్టరీలో (యుద్ధం లేకుండా ప్రపంచ సభ ఓట్లతో గెలవడంలో) ఓట్ల కొనుగోలు, దౌత్యం ప్యాక్ డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మీ స్ట్రాటజీ గేమ్ మా ఇంట్లో చాలాకాలంగా ఆడుతున్నాం. ఆదివారం వచ్చిందంటే బొబ్బిలి నుంచి మా బావమరిది, కోట దగ్గర నుంచి ఇద్దరు స్నేహితులు లాప్‌టాప్‌లు పట్టుకుని వచ్చేస్తారు. ఈ మధ్య మీరు విడిగా అమ్మిన దౌత్యం ప్యాక్ కూడా నలుగురం కొన్నాం. యుద్ధం చేయకుండా, స్నేహాలతో, ఒప్పందాలతో ప్రపంచ నాయకుడు కావచ్చని స్టోర్ పేజీలో రాశారు. అది చూసే కొన్నాం. లోపల ఉన్నది మాత్రం దౌత్యం కాదు, వేలం పాట.

ఎలాగో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ సపోర్ట్ వాళ్లు మొదటిసారి పంపిన జవాబులో గేమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. ఇది బగ్ కాదు. మీరు రాసుకున్న రూలే ఇలా ఉంది.

ప్రపంచ సభలో ఓటింగ్ జరిగినప్పుడు పెద్ద దేశాలన్నీ ఎవరి ఓటు వాళ్లకే వేసుకుంటాయి. కాబట్టి గెలుపు తేలేది చిన్న చిన్న సిటీ స్టేట్‌ల (ఒకే ఊరున్న బుల్లి దేశాల) ఓట్లతోనే. ఒక్కో సిటీ స్టేట్ దగ్గర ఎవరి పలుకుబడి పాయింట్లు అందరికంటే ఎక్కువుంటే ఓటు వాళ్లది. ఈ పాయింట్లు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి కష్టపడే దారి: వాళ్లు అడిగిన పని చేసిపెట్టడం, దోపిడీ మూకలు వస్తే సైన్యం పంపడం, రోడ్డు వేయడం. రెండోది గోల్డ్, అంటే గేమ్‌లోని డబ్బు, ఇచ్చే బటన్. నొక్కితే అప్పటికప్పుడు పాయింట్లు పెరుగుతాయి, ఎన్నిసార్లయినా నొక్కొచ్చు, పదోసారి కూడా రేటు మారదు. పైగా సంపాదించిన పాయింట్లు టర్న్‌కి (ఆటలో ఒక్కో వంతుకి) కొన్ని చొప్పున కరిగిపోతుంటాయి.

ఈ మూడూ కలిపి చూడండి. పాయింట్లు కరుగుతాయి కాబట్టి ముందుగా స్నేహం చేసినవాడు ప్రతి టర్న్‌కీ నష్టపోతాడు. రేటు పెరగదు కాబట్టి ఎంత గోల్డ్ ఉంటే అన్ని ఊళ్లు కొనొచ్చు. ఓటింగ్ ఏ టర్న్‌లో వస్తుందో ముందే తెలుసు కాబట్టి దానికి ఒక్క టర్న్ ముందు కొంటే చాలు, అంతకుముందు ఖర్చుపెట్టిన ప్రతి నాణెం దండగ. అంటే మీ గేమ్‌లో బుద్ధిగా ఆడేవాడు చేయాల్సింది ఒక్కటే: ఆఖరిదాకా ఎవరినీ పట్టించుకోకుండా ఖజానా నింపుకోవడం.

మొన్న జరిగిందీ అదే. సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు మొదటి నుంచీ నా పక్కనే ఉంది. మూడు వైపుల నుంచి దోపిడీ మూకలు ముట్టడిస్తే నా ఓడలు రెండు మునిగాయి, ఊరు మాత్రం నిలిచింది. వాళ్లకు కావలసిన గుర్రాలిచ్చాను, కొండ మీదుగా రోడ్డు వేశాను. అక్కడ నా పాయింట్లు ఎవరికీ అందనంత ఎత్తున ఉన్నాయి. మా బావమరిది ఆ ఊరి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఓటింగ్‌కి ముందు టర్న్‌లో తన దగ్గరున్న ఇనుము, బొగ్గు, సుగంధ ద్రవ్యాలు అన్నీ కంప్యూటరే ఆడించే దేశాలకు అమ్మేశాడు. ఆ గోల్డ్ తెచ్చి ఆ ఊరి మీద బటన్ నొక్కుతూ పోయాడు. నా స్క్రీన్ మీద ఊరి చుట్టూ ఉన్న నా నీలం గీత వాడి ఎరుపులోకి మారిపోయింది. పక్క ఊరు, దాని పక్క ఊరు, అన్నీ అంతే. "ఇంకేటి ఆడతావు బావా, గోల్డంతా నాకాడే ఉంది కదా" అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు, రూల్ ఒప్పుకున్నదే వాడు చేశాడు. నాకు మళ్లీ బదులిచ్చే టర్న్ కూడా రాలేదు, నేరుగా ఓటింగ్ పడిపోయింది. ఆ ఊరు ఎందుకు మారిందో చెప్పే ఒక్క ముక్క కూడా స్క్రీన్ మీద లేదు.

ఇంకో రూల్ ఇంతకంటే అన్యాయంగా ఉంది. శత్రువు ఆక్రమించిన సిటీ స్టేట్‌ను విడిపిస్తే దాని ఓటు విడిపించినవాడికి శాశ్వతంగా ఉంటుంది, గోల్డ్‌తో మారదు. చేసిన మేలు గుర్తుంచుకునే ఊరిని తయారుచేయడం మీకు చేతనవునని దీంతో తెలుస్తోంది. అయితే ఫలితం చూడండి. ఊరిని పడిపోకుండా కాపాడితే ఓటుకు భరోసా లేదు. పడిపోనిచ్చి, వాళ్లు బాధపడ్డాక వెళ్లి విడిపిస్తే మాత్రం ఉంది. మా స్నేహితుల్లో ఒకడు ఇప్పుడు కావాలనే సైన్యాన్ని ఊరి బయట ఆపి, గోడలు కూలేదాకా ఎదురుచూస్తున్నాడు. రక్షణకు భరోసా సున్నా, విముక్తికి శాశ్వత ఓటు అన్న లెక్క ఎవరు వేశారో దయచేసి ఒకసారి ఆలోచించండి.

ఓట్లు కొనడమనేదే ఉండకూడదని నేను అనడం లేదు. లోకంలో ఉన్నదే అది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో తాత్కాలిక సభ్యత్వం దక్కిన దేశాలకు అమెరికా సాయం సగటున 59 శాతం పెరుగుతుందని ఇలియానా కుజియెంకో, ఎరిక్ వెర్కర్ అనే ఆర్థికవేత్తలు 2006లో లెక్కగట్టి చూపించారు. రెండేళ్ల పదవి అయిపోగానే సాయం మళ్లీ పాత స్థాయికి పడిపోతుందట. అక్కడ కూడా బేరమే. కానీ ఆ సాయం పదవి ఉన్నన్నాళ్లూ సాగింది, ఓటింగ్ ముందురోజు సంచి విప్పి చేతులు దులుపుకున్నట్టు కాదు.

మా ఊరి చరిత్రే తీసుకోండి. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు పేలాయంటే, అది విజయనగరం విజయరామరాజు ఆ పూటకు కొన్న సాయం కాదు. అంతకుముందే బుస్సీ దగ్గర శ్రీకాకుళం, రాజమండ్రి సర్కారుల శిస్తు కౌలుకు తీసుకున్నాడు, ఆ లావాదేవీల మీద నమ్మకం కుదిరింది. ఆ పొత్తు మంచిదా చెడ్డదా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తెగని తగువే, ముఖ్యంగా బావమరిది బొబ్బిలివాడు కాబట్టి. కానీ డబ్బుతో కూడిన పొత్తు కూడా కాలం తీసుకుంటుందన్నది మాత్రం ఇద్దరం ఒప్పుకుంటాం.

ఇది గేమ్‌లో పెట్టడం కష్టమనకండి. 1993లో వచ్చిన మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే అంతరిక్ష స్ట్రాటజీ గేమ్‌లోనే గెలాక్సీ సభ ఉంది. జనాభాను బట్టి ఓట్లు, గెలవడానికి మూడింట రెండు వంతులు కావాలి, ఒక్కో జాతి తనకు ఎవరితో ఎలాంటి సంబంధం ఉందో చూసి ఓటు వేస్తుంది, నచ్చకపోతే వేయకుండా ఊరుకుంటుంది. ఓడినవాడు తీర్పు కాదని తిరగబడొచ్చు కూడా, అప్పుడు మిగతావాళ్లంతా ఒక్కటై వాడి మీదికి వస్తారు. ముప్పై ఏళ్ల నాటి గేమ్‌లో ఓటుకు ఇంత బరువుంది.

మేం కోరేది ఇది. ఒకే ఊరికి మళ్లీ మళ్లీ గోల్డ్ ఇస్తే ప్రతిసారీ రేటు పెరగాలి. ఓటింగ్‌కి దగ్గర పడేకొద్దీ గోల్డ్‌తో వచ్చే పాయింట్లు తగ్గాలి. దోపిడీ మూకల నుంచి కాపాడిన ఊరు ఆ సంగతి మరిచిపోకూడదు, విడిపించిన ఊరికి మీరిచ్చిన జ్ఞాపకంలో సగమైనా దీనికీ ఇవ్వండి. ఒక ఊరు పక్షం మారితే పాత మిత్రుడికి కబురు అందాలి, బదులిచ్చేందుకు కనీసం ఒక టర్న్ ఉండాలి. ఓటింగ్ అయ్యాక ఎవరు ఎవరికి వేశారో, ఎందుకు వేశారో స్క్రీన్ మీద చూపించాలి. వీటిలో మొదటిదీ చివరిదీ చేసినా సగం గోల పోతుంది.

పైన చెప్పిన మ్యాచ్ సేవ్ ఫైల్, ఊరు రంగు మారకముందు, మారాక తీసిన స్క్రీన్‌షాట్లు, నలుగురి కొనుగోలు రశీదులు ఈ లేఖతో జతచేశాను. సేవ్ ఫైల్ తెరిచి మీ డిజైనర్లు ఆ ఆఖరి టర్న్ స్వయంగా ఆడి చూడాలని నా మనవి.

ఈ మార్పులతో పాచ్ (గేమ్‌ను సరిచేసే అప్‌డేట్) ఎప్పుడు వస్తుందో 30 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పండి. చెప్పలేకపోతే దౌత్యం ప్యాక్‌కు కట్టిన డబ్బు నలుగురికీ వాపసు చేయండి. రెండూ జరగకపోతే స్టోర్ పేజీలో రాసింది తప్పుదోవ పట్టించే ప్రకటన అని, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జాతీయ హెల్ప్‌లైన్ 1915లోనూ, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేస్తాం. ఇన్‌స్టాల్ మళ్లీ చేయమనే జవాబు మాత్రం ఇంకోసారి పంపవద్దు.

ఇట్లు,
మీ గేమ్ ఆడే నలుగురి తరఫున,
విజయనగరం వినియోగదారుడు