వారంటు లేనివాడు పోరాడలేదా?

సంపాదకులకు నమస్కారం.

సెప్టెంబరు 17 దగ్గరపడితే మా సూర్యాపేట వైపు ఊళ్లల్లో తొంభై దాటిన వాళ్లకు గిరాకీ పెరుగుతుంది. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన ఆ రోజును కేంద్రం విమోచన దినమంటుంది. రాష్ట్రంలో పోయిన ప్రభుత్వం సమైక్యత దినమంది, ఇప్పటి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంటున్నది. పేరు ఏదైనా వేదిక మీద కూర్చోబెట్టడానికి నిజాం మీద సాగిన సాయుధ పోరాటం నాటి ముసలివాళ్లు ఒకరిద్దరు కావాలి. శాలువా కప్పి, ఫొటో దిగి, ఆటో ఎక్కించి పంపుతారు. ఆ ముసలివాళ్లలో కొందరి పింఛను దరఖాస్తులు ఏళ్ల తరబడి ఎందుకు కదలడం లేదో వేదిక మీద ఎవరూ మాట్లాడరు. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి కాబట్టి ఆ ఫైళ్లు ఎక్కడ ఆగుతాయో నాకు కొంత తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

మా వాడకట్టులో ఒక పెద్దాయన ఉన్నాడు. 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చేనాటికి ఆయనకు పదిహేనేళ్లు. పగలు గొర్లు కాసేవాడు, రాత్రి దళానికి చీటీలు మోసేవాడు. తర్వాత ఊరి రక్షక దళంలో చేరాడు. రజాకార్లు వస్తున్నట్టు కనబడితే బురుజు మీంచి డప్పు కొట్టాలి, ఆడవాళ్లూ పిల్లలూ చేలల్లోకి జారుకునేదాకా వడిసెలతో రాళ్లు రువ్వి ఆపాలి. తుపాకి చేతికొచ్చింది 1948 ఎండాకాలంలో, అదీ భర్మారు, అంటే మందు కూరి పేల్చే నాటు తుపాకి. భారత సైన్యం వచ్చి పోలీసు చర్య ముగించేదాకా ఏడాదిపాటు ఆయన చేసిన పని ఇదీ. ఇప్పుడు ఆయనకు వచ్చేది ఆసరా పింఛను, నెలకు 2,016 రూపాయలు.

స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకాన్ని కేంద్రం 1972లో నెలకు 200 రూపాయలతో మొదలుపెట్టింది. 1980లో దాన్ని సమ్మాన్ పింఛనుగా మార్చి, 300 చేసి, ఆదాయ పరిమితి ఎత్తేసింది. సంస్థానాల విలీనోద్యమాలూ ఇందులోకి వస్తాయి. 1985లో హైదరాబాద్ సంస్థానం కేసుల కోసమే ఒక ప్రత్యేక స్క్రీనింగ్ కమిటీ కూడా వేశారు. 2016 ఆగస్టు 15 నుంచి పింఛను 26,000 రూపాయలు, దానిపై కరువు భత్యం. అంటే పథకం ఉంది, డబ్బు ఉంది, మా వాళ్ల పోరాటానికి అందులో చోటూ ఉంది. చిక్కంతా రుజువు దగ్గరే.

ఆరు నెలలు జైల్లో ఉండాలి (ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు మూడు నెలలు). లేదా ఆరు నెలలకు పైగా అజ్ఞాతంలో ఉండాలి. ఊరికే అజ్ఞాతంలో ఉంటే చాలదు. కోర్టు పరారీ నేరస్థుడిగా ప్రకటించి ఉండాలి, లేదా తలకు వెల కట్టి ఉండాలి, లేదా పేరు మీద నిర్బంధ ఉత్తర్వు పుట్టి అమలు కాకుండా ఉండాలి. ఒక్క మాటలో చెప్పాలంటే నిజాం పోలీసులు గుర్తుపట్టినవాడే మన ప్రభుత్వానికి సమరయోధుడు. కొరియర్ పనిలో నేర్పంతా పేరు బయటపడకుండా ఉండటంలోనే ఉంది కదా. పని సరిగ్గా చేసినందుకు ఇప్పుడు కాగితం లేకుండా పోయింది.

ఊరి రక్షక దళాల సంగతి ఇంకా అన్యాయం. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాలు పడ్డప్పుడు బురుజెక్కి ఎదుర్కొన్నది ఆ ఊరివాళ్లే. వాళ్లది అజ్ఞాతం కాదు, సొంత ఊళ్లోనే ఉన్నారు. జైలు కాదు, ఎవరూ పట్టుకుపోలేదు. అలాంటి పోరులో చనిపోయినవాడి కుటుంబానికి నిబంధన ఉంది. అవిటివాడైనవాడికీ ఉంది. ఒళ్లు దక్కించుకుని దిగివచ్చినవాడు మాత్రం ఏ నిబంధన కిందికీ రాడు. ఆడవాళ్లదీ ఇదే కథ. దళంలో పోరాడిన మల్లు స్వరాజ్యం తలకు పదివేల రూపాయల వెల కట్టారని చెబుతారు. ఆ దళానికి జొన్నరొట్టెలు మూటగట్టి పంపిన తల్లుల పేర్లు ఏ పోలీసు రాసుకున్నాడు?

రికార్డు లేకపోతే పాతకాపు సమరయోధుడి ధ్రువపత్రం తెచ్చుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. ఆ సంతకం చేసే ఆయన తానూ ఏళ్లపాటు జైలుశిక్ష అనుభవించినట్టు రుజువుండాలి. 1948కి ముందే అన్నేళ్లు జైల్లో ఉన్నవాడు ఇవాళ బతికుంటే నూరేళ్లకు అటూ ఇటూ ఉంటాడు. నియమం పెట్టిన రోజుల్లో అది సబబే. సంతకం పెట్టేవాళ్లు ఒక్కొక్కరే కాటికి పోతున్నా నియమం మాత్రం అలాగే ఉంది. మా పెద్దాయన ఫైలు మీద ఒక కార్యాలయంలో అడిగిన ప్రశ్న కూడా చెప్పాలి. 'అప్పుడు నువ్వు పిల్లగానివి గదా, దళంల ఎట్ల తీసుకున్నరు?' అన్నారట. 'పిల్లగాన్ని గాబట్టే తీసుకున్నరు, పెద్దోన్నయితే గడీకాడ సోదా జేస్తరు' అని వచ్చాడు.

దొంగ సమరయోధుల మాటేమిటని మీ పాఠకులు అడుగుతారు. నిజమే, వాళ్లు లేరని నేననను. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో ఇదే హైదరాబాద్ ఉద్యమం పేరిట దొంగ పింఛన్ల వ్యవహారం 2005లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పుట్టకముందే పోరాడిన వీరులు మన దగ్గరా ఉండే ఉంటారు. కానీ గమనించండి, దొంగవాడికి కాగితం ఎప్పుడూ ఉంటుంది, కొనుక్కుంటాడు కాబట్టి. కాగితం ఒక్కటే అడిగే పద్ధతి వాడికే అనుకూలం. ఊళ్లో పదిమంది ముందు కూర్చోబెట్టి, మీ దళనాయకుడెవరు, డెన్ ఎక్కడ, ఆ రాత్రి ఏ వాగు దాటారు అని అడిగితే అబద్ధం అరగంట నిలబడదు. సుప్రీంకోర్టు కూడా 1993లో, దరఖాస్తు ఆలస్యమైందని తోసిపుచ్చొద్దంది. 2001లో గురుదయాళ్ సింగ్ కేసులో, క్రిమినల్ కేసులో అడిగినంత గట్టి రుజువు ఇక్కడ అడగొద్దని, నిజమయ్యే అవకాశం ఎంతుందో చూస్తే చాలని స్పష్టంగా చెప్పింది. తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా ఫైళ్ల మీద కొర్రీలు పాత తీరులోనే పడుతున్నాయి.

నా ఉద్యోగానుభవంలోంచి ఒక్క మాట. ఎకరం భూమి మీద తగాదా వస్తే 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ తీస్తాం, అంతకు ముందుదైతే నిజాం కాలపు సేత్వార్ తీస్తాం. ఉర్దూ రాకపోతే చదివేవాణ్ణి పిలిపిస్తాం. చెదలు తిన్న దస్త్రాన్ని కూడా అద్దం పెట్టి చూస్తాం. రియల్ ఎస్టేటు వాడు అడిగితే ఇంకా తొందరగా చూస్తాం, అది వేరే సంగతి. అదే శ్రమ మనిషి కోసం ఎందుకు చేయం? తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఉర్దూ, పార్శీ దస్త్రాలు గుట్టలున్నాయి. తొంభై ఏళ్లవాణ్ణి హైదరాబాదు పోయి వెతుక్కో, దొరక్కపోతే దొరకలేదని సర్టిఫికెట్ తే అనడం ఏం పద్ధతి? వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చి ఆసుపత్రి కడుతున్నారు, మంచిదే. ఆ జైలు పాత ఖైదీల రిజిస్టర్లు ఇప్పుడెక్కడున్నాయో, ఎవరిని అడగాలో ఒక నోటీసైనా వేయొచ్చు కదా.

కాబట్టి నేను కోరేది, వెతికే పని దరఖాస్తుదారుడి మీంచి తీసి జిల్లా యంత్రాంగం మీద పెట్టమని. మిగిలినవాళ్లు చాలా తక్కువ. ప్రతి ఊరికీ ఒక డిప్యూటీ కలెక్టరును, ఒక చరిత్ర అధ్యాపకుణ్ణి, ఉర్దూ చదివేవాణ్ణి పంపి, వాళ్ల వాంగ్మూలం అక్కడే రాసుకుని, మూడు నెలల్లో అవునో కాదో తేల్చండి. ఊరి రక్షక దళంలో పనిచేసినవాళ్లను అర్హుల జాబితాలో చేర్చమని రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీకి రాయాలి. ఢిల్లీ ఒప్పుకోకపోతే రాష్ట్రమే ఇవ్వాలి. విలీనం తర్వాత 1951 అక్టోబరులో పోరాట విరమణ దాకా అడవుల్లో, క్యాంపు జైళ్లలో ఉన్నవాళ్లది మరో చిక్కు. అప్పుడు ఎదురుగా ఉన్నది యూనియన్ సైన్యం కాబట్టి వాళ్లను విలీనోద్యమం లెక్కలో చూపడం కష్టం. ఆ రాజకీయాల్లోకి నేను పోను. కానీ వాళ్ల వృద్ధాప్యం మన రాష్ట్రంలోనే గడుస్తున్నది, మన బడ్జెట్టే చూసుకోవాలి.

పోయినేడు వేదిక దిగాక పెద్దాయనను అడిగాను, 'కాకా, సన్మానం మంచిగైందా?' అని. 'శాలువాలు ఏడైనయి బిడ్డా. చలికి ఒక్కటి సాలు. గోలీలకు పైసలే తక్కువైతున్నయి' అన్నాడు.

చివరగా మీ పాఠకులకు ఒక విన్నపం. నల్లగొండ, వరంగల్, ఖమ్మం పాత జిల్లాల్లో తాతల నాటి సందుగుల్లో ఉర్దూ కాగితాలు, కోర్టు సమన్లు, జైలు చీటీలు ఉంటే చిత్తుకాగితాల కింద అమ్మేయకండి. అందులో పక్కింటి ముసలాయన పేరు ఉండొచ్చు. జిరాక్సు తీసి కలెక్టరేట్‌లో ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
సూర్యాపేట జిల్లా