ప్రధానోపాధ్యాయురాలి లేఖ: పిల్లలు చేసే బాత్ సాల్ట్స్

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే శనివారం ఆరు, ఏడు తరగతుల పిల్లలు బాత్ సాల్ట్స్, అంటే గోరువెచ్చని నీళ్లలో వేసుకునే సువాసన ఉప్పు, తయారు చేస్తున్నారు. అమ్మకానికి కాదు, తమకు ఇష్టమైనవాళ్లకు కానుకగా ఇవ్వడానికి. ఎవరికి ఇవ్వాలో పిల్లలే తేల్చుకుంటారు, దయచేసి మీరు పేరు సూచించకండి.

పాళ్లు తేలికే: రెండు కప్పుల ఎప్సమ్ సాల్ట్, ఒక కప్పు రాళ్ల ఉప్పు, అర కప్పు వంటసోడా. కలిపేముందు రెండు ఉప్పులనూ భూతద్దం కింద చూపిస్తాం. రాళ్ల ఉప్పు పలుకులు గడుల్లా కనిపిస్తాయి. ఎప్సమ్ సాల్ట్‌వి సన్నగా, పొడుగ్గా ఉంటాయి. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్, రాళ్ల ఉప్పు అంటే సోడియం క్లోరైడ్. పాఠంలో చదివిన తేడాను కళ్లతో చూశాక పిల్లలు మర్చిపోరు.

సువాసన కోసం లావెండర్ నూనె పది చుక్కలు చాలు. దాన్ని నేరుగా ఉప్పులో వేయకుండా, ముందు చెంచాడు కొబ్బరినూనెలో కలుపుతాం. నూనె నీళ్లలో కరగదు కాబట్టి, విడిగా వేస్తే ఘాటైన చుక్కలు పైన తేలి చర్మానికి తగిలి మంట పుట్టొచ్చు. రంగు వేస్తే ఆ తడికి ఉప్పు గడ్డకడుతుంది. అందుకే పళ్లెంలో పలచగా పరిచి రాత్రంతా ఆరనిస్తాం, సోమవారం సీసాల్లో నింపుతాం. పూలరేకులు వేయడం లేదు. సరిగా ఎండకపోతే బూజు పడతాయి.

నేను ఎక్కువ పట్టుబట్టేది లేబుల్ విషయంలో. అందులో ఏమేం కలిపారో, ఏ తేదీన చేశారో, ఎలా వాడాలో పిల్లలు తమ చేతిరాతతోనే రాయాలి. బకెట్ గోరువెచ్చని నీళ్లకు రెండు పెద్ద చెంచాలు వేసి పాదాలు పెట్టుకోవాలి. నూనె వల్ల నేల జారుతుంది, జాగ్రత్త. గాయాలుంటే వాడకూడదు. చూడటానికి పంచదారలా ఉంటుంది కనుక "తినకూడదు" అని పెద్ద అక్షరాలతో ఉండాలి, చిన్నపిల్లలకు అందకుండా పెట్టాలి. "నొప్పులు తగ్గుతాయి" అని మాత్రం రాయొద్దన్నాం. చర్మం గుండా మెగ్నీషియం ఒంట్లోకి చేరుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు. వెచ్చని నీళ్లలో పాదాలకు హాయిగా ఉంటుంది, ఆ మాట రాస్తే చాలు. ఇచ్చేది ఇష్టమైనవాళ్లకే కదా, వాళ్లకు నిజమే చెప్పాలి.

అక్షరాలు వంకరగా ఉన్నాయని ఇంట్లో ఆ లేబుల్ తీసేసి కొత్తది అతికించకండి. రిబ్బను ముడి వదులుగా ఉన్నా అలాగే ఉండనివ్వండి.

మీ నుంచి కావలసింది ఒక ఖాళీ గాజు సీసా. పచ్చడి వాసన పోయేలా కడిగి, లోపల చెమ్మ లేకుండా పూర్తిగా ఆరబెట్టి పంపండి. ఇనుప మూత ఉప్పుకు తుప్పు పడుతుంది, ప్లాస్టిక్ మూతైతే మంచిది. మీ పిల్లలకు ఉబ్బసం గానీ, సువాసన నూనెలు పడకపోవడం గానీ ఉంటే గురువారంలోగా క్లాస్ టీచర్‌కు చెప్పండి. వాళ్లకు నూనె లేని మిశ్రమం వేరే బల్ల మీద సిద్ధంగా ఉంచుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు