సంతకం పెట్టేముందు ఇది చదువు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీల నిండా మీవాడి పాట ఎంతమంది చూశారో, ఎవరెవరు ఫోన్ చేశారో రాసి, అసలు సంగతి చివర రెండు ముక్కల్లో తేల్చేశావు: ఐదేళ్ల కాంట్రాక్టు వచ్చింది, సంతకం పెట్టేయనా అని. వద్దనను. ఇది చదివాక పెట్టు. పొడుగు ఉత్తరమే, తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు గొంతు సంగతి. వాడికిప్పుడు 13. పేరొచ్చింది పైస్థాయిలో గంటలా మోగే ఆ సన్నటి గొంతుకి. అది ఇంకో ఏడాది, మహా అయితే రెండేళ్లు. మగపిల్లల గొంతు మామూలుగా 12, 15 ఏళ్ల మధ్య మారుతుంది. స్వరపేటిక పెరిగి, లోపలి తంత్రులు పొడుగై మందమవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. కొందరికి నెలల్లో తెమిలిపోతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. సాధన చేస్తే ఆగేది కాదది. ఆ రోజుల్లో పాత శ్రుతిలోనే పాడమని పట్టుబడితే పిల్లాడు మెడ బిగించి స్వరాన్ని పైకి నెడతాడు. గొంతు కుదురుకున్నాక కూడా ఆ బిగింపు పోదు, అదే అసలు నష్టం. శ్రుతి దించేయండి. పావుగంట పాడి ఆపడం, కాసేపాగి మళ్లీ పాడడం మంచిది. పాడుతుంటే నొప్పి పుడితే మాత్రం సాధన మానేసి గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. కాంట్రాక్టులో "విడుదలైన పాటలను అసలు శ్రుతిలోనే పాడవలెను" లాంటి వాక్యం ఎక్కడైనా నక్కి ఉంటే కొట్టేయించు.

స్టీవీ వండర్‌ని చూడు, అమెరికన్ గాయకుడు, పేరొచ్చేనాటికి అచ్చం మీవాడి వయసే. 11 ఏళ్లకి మోటౌన్ అనే రికార్డు కంపెనీలో చేరాడు. 1963లో, 13 ఏళ్లకి, 'ఫింగర్‌టిప్స్' పాట అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. పేరుకి ముందు "లిటిల్" అని తగిలించి మరీ అమ్మారు. తర్వాత గొంతు మారింది, హిట్లు ఆగాయి, ఇతన్ని వదిలించుకుందామన్న మాట కంపెనీలోనే పుట్టింది. ఒడ్డున పడేసింది 1965లో వచ్చిన 'అప్‌టైట్'. ఆ పాట రాసిన ముగ్గురిలో అతనూ ఒకడు. అంటే గొంతు చేయి వదిలేసిన టైముకి, కూర్చుని పాట కట్టగలిగే విద్య అప్పటికే చేతిలో ఉంది. హార్మోనికా, పియానో, డ్రమ్స్ సరేసరి. "లిటిల్" కూడా మెల్లిగా రాలిపోయింది.

నేను చెప్పాలనుకున్నది ఇంతేరా. ఇప్పుడొచ్చిన పేరు జీతం కాదు, గేట్ పాస్. మామూలు పిల్లాణ్ని లోపలికి అడుగు పెట్టనివ్వని గదుల్లోకి మీవాణ్ని కుర్చీ వేసి మరీ కూర్చోబెడతారు. ఈ పాస్ చెల్లేది కొన్నాళ్లే. ఈలోగా లోపలికెళ్లి రెండో పని నేర్చుకుని బయటికి రావాలి.

ఆ రెండో పని మొదటిదానికి పక్కింట్లో ఉండాలి. పాడేవాడికి పక్కిల్లంటే బాణీ కట్టడం, వాద్యాలు అమర్చడం, రికార్డింగ్, మిక్సింగ్ (రికార్డయిన గొంతునీ వాద్యాల్నీ సమంగా కలపడం), డబ్బింగ్. నువ్వు రాసిన "యాక్టింగ్, బట్టల బ్రాండ్, యూట్యూబ్ షో, అన్నీ ఈ ఏడాదే" అనే ప్లాన్ ఉంది చూశావా, అది చించెయ్. మూడూ ఒకేసారి మొదలైతే మూడింట్లోనూ వాడు కొత్తవాడే. చూసే జనం మాత్రం స్టార్‌ని చూడ్డానికి వస్తారు. ఆ తేడా వాడి మీద పడుతుంది.

ఒక్కటి ఎంచుకోండి. కీబోర్డు అనుకుందాం. రోజుకి 40 నిమిషాలు. మొదటి ఆర్నెల్లు సొంతంగా ఏదీ కట్టక్కర్లేదు, విన్న పాటల్ని విడదీసి చూడాలి: బేస్ ఏం చేస్తోంది, తాళం ఎక్కడ మారింది, రెండో చరణంలో కొత్తగా ఏ వాద్యం వచ్చింది. తర్వాత వారానికో బాణీ, బాగున్నా బాగోకపోయినా పూర్తి చెయ్యాలి. ఏడాదిపాటు ఒక్కటీ బయట పెట్టొద్దు. పేరున్న పిల్లాడి మొదటి ప్రయత్నాన్ని మొదటి ప్రయత్నంగా ఎవరూ వినరు. ఇలా 50 బాణీలు పోగైతే అందులో నాలుగైదు నిలుస్తాయి. అవి చాలు.

స్టూడియోకి వెళ్లినప్పుడు పాడేసి కారెక్కొద్దు. తన పాట మిక్స్ అవుతుంటే ఇంజనీరు వెనకాల రెండు గంటలు కూర్చోనివ్వమని అడగండి. ఈ వయసులో అడిగితే ఎవరూ కాదనరు, ముచ్చటపడతారు. పాతికేళ్లకి వెళ్లి అడిగితే మొహమాటం ఇద్దరికీ.

కమల్ హాసన్ 1960లో 'కలత్తూర్ కన్నమ్మ'లో నటించేనాటికి ఐదేళ్లవాడు. దానికి రాష్ట్రపతి స్వర్ణపతకం. మరికొన్ని బాల పాత్రల తర్వాత తెర మీద చోటు లేకుండా పోయింది. అప్పుడతను టీకేఎస్ నాటక సమాజంలో చేరాడు, తర్వాత డ్యాన్స్ మాస్టర్ తంగప్పన్ దగ్గర అసిస్టెంటుగా పనిచేశాడు. పతకం అందుకున్న చేతులతోనే ఇంకొకళ్లకి స్టెప్పులు చూపించాడన్నమాట. తర్వాత రచన, నిర్మాణం, దర్శకత్వం, పాట అన్నిట్లో చెయ్యి పెట్టగలిగాడంటే కెమెరా వెనక పని కూడా ముందే తెలియడం చిన్న సంగతి కాదు.

ఇంకో బేరం ఉంది, నాకు చాలా ఇష్టం. రాన్ హోవర్డ్ చిన్నప్పటి నుంచి అమెరికన్ టీవీలో అందరికీ తెలిసిన మొహం. మనసేమో దర్శకత్వం మీద. నిర్మాత రోజర్ కోర్మన్ సినిమా 'ఈట్ మై డస్ట్'లో నటిస్తాను, బదులుగా నాకో సినిమా తియ్యడానికి అవకాశమివ్వు అన్నాడు. నటించింది 1976లో, 1977లో తన మొదటి సినిమా 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' వచ్చేసింది. 2002లో దర్శకుడిగా ఆస్కార్ అందుకున్నాడు. మీరూ అలా అడగొచ్చు: ఐదు పాటలు పాడతాడు, ఆరోదానికి బాణీ వాడిది. పారితోషికం పెంచమనడం కన్నా ఇది తేలిగ్గా ఒప్పుకుంటారు కూడా.

ఒక హెచ్చరిక. చిన్నప్పుడే బాగా చేసేవాళ్లు అలవోకగా చేస్తారు, ఎలా చేస్తున్నారో వాళ్లకే తెలీదు. వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ 1929లో, 12 ఏళ్లకి, బెర్లిన్‌లో బాఖ్, బీథోవెన్, బ్రామ్స్ రాసిన కాన్చెర్టోలు (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచనలు) ఒకే కచేరీలో వాయించాడు. పెద్దయ్యాక చెయ్యి మొరాయించింది. విల్లు పట్టుకోవడం దగ్గర నుంచి మళ్లీ ఆలోచించుకోవాల్సి వచ్చింది, 1952లో యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ దగ్గర యోగా మొదలుపెట్టాడు. తర్వాత ఆర్కెస్ట్రా నడిపాడు, 1963లో పిల్లల కోసం సంగీత పాఠశాల పెట్టాడు. అందుకే మీవాడికి ఇంత పేరొచ్చాక కూడా తప్పులు పట్టే గురువు ఉండాలి. చప్పట్లు కొట్టేవాళ్లు ఎలాగూ ఉన్నారు.

ఇక కాగితం. "ఐదేళ్లు" అని రాశావు. ఐదేళ్లా, ఐదు ఆల్బమ్‌లా? తేడా చాలా ఉంది. ఆల్బమ్‌ల లెక్కయితే, వాళ్లు రికార్డింగ్ వాయిదా వేసినకొద్దీ ఐదేళ్లు పదేళ్లయి కూర్చుంటాయి. ఫలానా తేదీకి ముగుస్తుందని రాయించు. పొడిగించే హక్కు వాళ్లకొక్కళ్లకే ఉంటే, వాడు హిట్టయితే పట్టుకుంటారు, కాకపోతే వదిలేస్తారు. పొడిగింపుకి ఇద్దరి ఒప్పుకోలూ ఉండాలి, రేటు మళ్లీ మాట్లాడుకోవాలి. స్టీవీ వండర్‌కి 1971లో 21 నిండేసరికి పాత ఒప్పందం ముగిసింది. వెంటనే సంతకం పెట్టకుండా తన ఖర్చుతో రికార్డింగులు చేసుకుని, ఆ తర్వాత అదే కంపెనీతో పాటల హక్కులూ నిర్ణయాలూ తన చేతిలో ఉండేలా రాయించుకున్నాడు. ఆ తేదీ లేకపోతే ఆ బేరమే లేదు.

తర్వాత చూడాల్సింది "ఎక్స్‌క్లూజివ్" అనే మాట (ఇంకెవరికీ చెయ్యకూడదన్న షరతు) పక్కన ఏముందో. "పాడిన రికార్డింగులు" అని ఉంటే సరే. "వినోద రంగంలోని సమస్త సేవలు" అని ఉంటే రెండో పని పుట్టకముందే అమ్ముడుపోయినట్టే. పాట కట్టినవాడి హక్కు వేరు, ఆ రికార్డింగ్ మీద హక్కు వేరు. మొదటిది ఇవ్వొద్దు. పేరు, ఫొటో, ఛానెల్ వాళ్ల పేరు మీద రిజిస్టర్ కాకూడదు. మేనేజర్ కమిషన్ మొత్తం రాబడి మీదా, ఖర్చులు పోగా మిగిలినదాని మీదా అన్నది అంకెల్లో ఉండాలి. నీ సంతకం కింద "బాలుడు పాడనిచో తండ్రి నష్టపరిహారం చెల్లించవలెను" అని ఉందేమో చూడు. మైనర్ మీద ఒప్పందం నిలబడదన్న భయంతో నిన్ను ఇరికించే వాక్యమది.

డబ్బు గురించి నీకు కోపం వచ్చినా సరే చెప్తాను. హాలీవుడ్ బాలనటుడు జాకీ కూగన్ 1921లో చాప్లిన్ పక్కన నటించి లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక చూసుకుంటే తల్లీ, సవతితండ్రీ దాదాపు అంతా ఖర్చుపెట్టేశారు. 1938లో కోర్టుకెక్కాడు, చేతికొచ్చింది కొంచెమే. మరుసటి ఏడాదే కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. ఇప్పుడక్కడ బాల నటుల రాబడిలో 15 శాతం తాళం వేసిన ఖాతాలో పడాలి. ఇండియాలో 2017 నియమాల ప్రకారం కనీసం 20 శాతం పిల్లల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి. ఈ అంకెలు కనిష్ఠాలు. కమిషన్, పన్ను పక్కన పెట్టాక మిగిలినదాంట్లో సగం తాళం వెయ్యి. పన్నుకి వేరే ఖాతా ఉండాలి, దాంట్లోంచి అప్పుకి కూడా తియ్యకు. నీ ఉద్యోగం మానకు. వాడి సంపాదన మీద ఇల్లు నడిస్తే, ఫలానా ప్రోగ్రాం వద్దు నాన్నా అనే నోరు వాడికి ఉండదు.

రోజుల లెక్క కూడా వేసుకో. రెండు గంటల ప్రోగ్రాం అంటే ముందు రోజు ప్రయాణం, మర్నాడు విశ్రాంతి, మొత్తం మూడు రోజులు. నెలకి నాలుగు ఒప్పుకుంటే 12 రోజులు పోయాయి. బడి, సాధన, కీబోర్డు మిగిలిన 18లో ఇమడాలి. నెలకి రెండు చాలురా.

ఆ కాగితం ఫొటోలు తీసి పంపు, అన్ని పేజీలూ, వెనకాల ఉండే అనుబంధాలతో సహా. గడువు, పొడిగింపు, ఎక్స్‌క్లూజివ్ ఉన్న చోట్ల పెన్సిల్‌తో గీత పెట్టు. శుక్రవారంలోగా ఇవ్వకపోతే ఆఫర్ పోతుందన్నారని రాశావు, లాయరుకి చూపించడానికి రెండు వారాలు కావాలని ఒక మెయిల్ పెట్టు. ఏమంటారో చూసి నాకు రాయి.

నీ వాడు